టీవీ వెలగని ఆదివారాలు

లిండెన్ షోర్స్, ఫ్లోరిడా
26 సెప్టెంబర్ 2017

బెర్నీ,

చూశారా? గస్ ఏమన్నాడు? ముందు అది రాయి. నీ మోకాళ్ల నొప్పుల సంగతి తర్వాత రాద్దువుగాని.

ఫోన్ చేద్దామనుకున్నాను. చేస్తే మీ ఆయనే ఎత్తుతాడు, ఆయన గొంతు వినగానే నాకు ఏడుపొస్తుంది. అందుకే కాగితం తీశాను. బడి వంటగదిలో ఇరవై ఏళ్లు పక్కపక్కన నిలబడి బంగాళాదుంపలు చెక్కినవాళ్లం, మనకి దాపరికాలేంటి?

శుక్రవారం సభలో అధ్యక్షుడు మన ఫుట్‌బాల్ ఆటగాళ్లని ఏమన్నాడో వినే ఉంటావు. మా నల్లవాళ్ల మీద పోలీసుల జులుం ఆగాలని, ఆటకి ముందు జాతీయగీతం వస్తుంటే నిలబడకుండా నేల మీద మోకాలు ఆనించేవాళ్లని, వాళ్ల తల్లుల్ని కూడా కలిపి తిట్టాడు. నేనూ ఒక తల్లినే. ఆదివారం మా కోర్డెల్ మోకాలు ఆనించాడు. జట్టులో ఇంకా చాలామంది ఆనించారు. నేను పై వరసలో కూర్చుని చూస్తున్నాను. వెనకనించి ఎవడో బీరు గ్లాసు విసిరాడు. నా ముందున్న ముసలావిడ తడిసిపోయింది. "సారీ అమ్మా, మీక్కాదు" అన్నాడు. ఎవరికో మరి!

ఆట అయ్యాక కారెక్కి వాడు అడిగిన మొదటి మాట, "అమ్మా, మిస్టర్ గస్ చూసుంటారా?"

తండ్రి పోయిన పిల్లాడు. నేను సాయంత్రం షిఫ్టులో గిన్నెలు తోముతుంటే వాణ్ణి ట్రక్కులో ఎక్కించుకుని సాధనకి తీసుకెళ్లింది మీ ఆయన. బంతి చంకలో ఎలా ఇరికించుకుని పరుగెత్తాలో మీ పెరట్లో నేర్పింది మీ ఆయన. వాడికి గస్ మాట కావాలి బెర్నీ. తిట్టినా సరే.

డెస్సా


కార్వర్ మిల్స్, ఒహాయో
2 అక్టోబర్

డెస్సా,

చూశాం. ఎందుకు చూడం? డిష్ పెట్టించుకుంది మీవాడి ఆటలన్నీ రావాలనేగా. గస్ ఎక్కువ మాట్లాడలేదు. ఆయన సంగతి నీకు తెలీనిదేముంది, మూతికి తాళం వేసుకుని పుట్టాడు. "బాగా పరుగెత్తాడు" అన్నాడు, అంతే.

నిన్నటి ఆట కూడా బాగుంది. వాడు చివర్లో ఇద్దర్ని తప్పించుకుని గీత దాటాడు చూడు, నేను సోఫాలోంచి లేచి అరిచాను.

ఇక్కడ చలి మొదలైంది. కాబేజీ చుట్టలు చేశాను, గస్ నాలుగు తిన్నాడు. నా మోకాళ్ల సంగతి తర్వాత రాయమన్నావు కాబట్టి రాయట్లేదు.

కోర్డెల్‌కి నా ముద్దులు అందించు.

బెర్నీ


లిండెన్ షోర్స్
12 అక్టోబర్

బెర్నీ తల్లీ,

నీ ఉత్తరం వాడికి చదివి వినిపించాను. "బాగా పరుగెత్తాడు అన్నారా?" అని రెండుసార్లు అడిగాడు. తర్వాత పొయ్యి దగ్గరికొచ్చి గిన్నెలో చెయ్యి పెట్టి చికెన్ ముక్క దొంగిలించాడు, చిన్నప్పటిలాగా. రెండు వారాలుగా వాడు నవ్వగా చూడలేదు నేను.

ఇక్కడ బాగోలేదు. జట్టు ఆఫీసుకి వాడి పేరున సంచుల్లో ఉత్తరాలొస్తున్నాయి, అన్నీ మంచివి కావు. ఒకాయన వాడి పేరున్న జట్టు చొక్కా కొని, కాల్చి, ఆ బూడిద కవరులో పెట్టి పంపాడు. చొక్కా ఖరీదు, తపాలా ఖర్చు రెండూ పెట్టుకున్నాడు పాపం.

జట్టు యజమాని ఆటగాళ్లందర్నీ కూర్చోబెట్టి మాట్లాడాడట. జనం టీవీలు ఆపేస్తున్నారని, చూసేవాళ్లు తగ్గిపోతున్నారని, ఇలాగే ఉంటే ప్రకటనలవాళ్లు వెళ్లిపోతారని. మావాడు తల వంచుకుని విన్నాడట. "ఎవరు ఆపితే నాకేంటి అమ్మా, మిస్టర్ గస్ చూస్తున్నారు" అన్నాడు నాతో.

ఆ మాట గస్‌కి చెప్పు.

డెస్సా


కార్వర్ మిల్స్
24 అక్టోబర్

డెస్సా,

చెప్పాను. తలూపాడు.

మన ఊరి సంగతి కూడా విను. మాజీ సైనికుల హాల్లో పెద్ద టీవీ ఉండేది చూడు, ఆదివారాలు దాని మీద దుప్పటి కప్పేస్తున్నారు. ఎదురుగా కూర్చుని పేకాడుకుంటారు. మంగలి ఫ్లాయిడ్ మాత్రం "గీతం ముందు పాడతారు, ఆట తర్వాత ఆడతారు, రెండోది చూడ్డానికేం రోగం?" అని తన కొట్లో పెట్టాడు. ఇద్దరు ఖాతాదార్లు సగం గడ్డంతో లేచి వెళ్లిపోయారట. అది నిజమో ఫ్లాయిడ్ కోతో తెలీదు. చర్చిలో కూడా ఇదే గొడవ. మా వదిన అటు, మా తమ్ముడు ఇటు. పుట్టినరోజు కేకు కోయకుండానే లేచిపోయారు.

మా ఇంట్లో మాత్రం మామూలే. మొన్న ఆదివారం మీవాడు ఆ కుడివైపు గెంతు గెంతాడు చూడు, గస్ తొడ చరుచుకున్నాడు. "నా టపాకాయే!" అన్నాడు.

బెర్నీ


లిండెన్ షోర్స్
30 అక్టోబర్

బెర్నీ,

ఎవర్ని చూశావు నువ్వు?

నువ్వు రాసిన ఆ ఆదివారం మా కోర్డెల్ ఆడనే లేదు. ఆటకి ముందు ఒళ్లు వేడెక్కించుకుంటుంటే చీలమండ మెలిపడింది. మామూలు బట్టల్లో బల్ల మీద కూర్చున్నాడు. గెంతు లేదు, తొడ చరుచుకోవడం లేదు, నా టపాకాయా లేదు.

నేను పిచ్చిదానిలా ఆ ముక్క కూడా వాడికి చదివాను. మధ్యలో నాకే తెలిసి ఆపేశాను. వాడు నన్ను చూసి, "పర్లేదమ్మా, చదువు" అన్నాడు. చివరిదాకా విన్నాడు. కాగితం మడిచి నా చేతిలో పెట్టి, "బెర్నీ ఆంటీకి రాయడం బాగా వచ్చు" అన్నాడు. కుంటుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు.

గస్ టీవీ ఆపేశాడు. అంతేగా? మొదటి ఆదివారమే ఆపేశాడు. ఆ మాట నాకు రాయడానికి నీకు చెయ్యి రాలేదు.

సరే, నేనూ ఒకటి దాచాను. గస్‌కి తెలిస్తే ట్రక్కేసుకుని వచ్చేస్తాడని దాచాను. ఇప్పుడు చెప్తాను.

జులైలో ఒక మధ్యాహ్నం కోర్డెల్ వాడి కూతుర్ని, మా నైలాని, ఐస్‌క్రీముకి తీసుకెళ్లాడు. తిరిగొచ్చి సొంత ఇంటి ముందు కారు ఆపాడు. వెనకే పోలీసు కారొచ్చింది. ఇలాంటి కారే ఎక్కడో దొంగతనం అయిందట. దిగమన్నారు, దిగాడు. పడుకోమన్నారు, పడుకున్నాడు. ఫ్లోరిడా జులై ఎండలో తారు రోడ్డు మీద, బుగ్గ ఆనించి, చేతులు వెనక్కి విరిచి. పిల్ల వెనక సీట్లో కూర్చుని కెవ్వుమంటోంది. దాని చేతిలో ఐస్‌క్రీము కరిగి గౌనంతా కారింది. వీడు నేల మీదనించే "ఏం కాలేదు తల్లీ, నాన్న ఆడుకుంటున్నాడు" అంటున్నాడట.

పక్కింటి క్యూబా ముసలాయన బయటికొచ్చి ఇతనెవరో తెలుసా అని అరిస్తే వదిలారు. ఆ తర్వాత, విను బెర్నీ, ఆ పోలీసాయన "మా అబ్బాయికి మీరంటే ప్రాణం సార్" అని పక్కన నిలబడి ఫోటో అడిగాడు. మా వాడు నిలబడ్డాడు. బుగ్గ బొబ్బలెక్కి ఉంది, నవ్వుతూ నిలబడ్డాడు.

పత్రికలవాళ్లకి చెప్పమన్నాను. నైలా పేరు టీవీలో రావడం ఇష్టం లేదన్నాడు. సెప్టెంబర్‌లో మోకాలు ఆనించాడు. అదీ సంగతి. జెండా మీద కోపం కాదు, సైనికుల మీద అంతకన్నా కాదు. ఇష్టముంటే మీ ఆయనకి చెప్పు, లేకపోతే లేదు.

ఒడెస్సా టోలివర్


కార్వర్ మిల్స్
8 నవంబర్

డెస్సా,

నువ్వు పూర్తి పేరుతో సంతకం చేస్తే నాకు ఎంత భయమేసిందో తెలుసా. బడి వంటగదిలో చెప్పకుండా పని ఎగ్గొట్టిన కుర్రవాళ్లకి రాసే చీటీల కింద అలా పెట్టేదానివి.

నిజం రాస్తాను. ఆ మొదటి ఆదివారం గస్ కుర్చీ ముందుకి లాక్కుని కూర్చున్నాడు. ఒళ్లో గిన్నె నిండా మొక్కజొన్న పేలాలు. ఆ వారం మైదానంలో ఏం జరుగుతుందోనని గీతం కూడా చూపించారు. కోర్డెల్ మోకాలు వంగడం నేను చూశాను. గస్ లేచి టీవీ ఆపేశాడు. గిన్నె నా చేతికిచ్చాడు. "ఇక ఈ ఇంట్లో ఇది వెలగదు" అన్నాడు.

"మన కోర్డెల్ గస్" అన్నాను.

"మనవాడు కాబట్టే ఆపాను. పరాయివాడైతే నాకేంటి?"

నీకు తెలుసుగా, ఆయన ఇరవై ఏళ్లప్పుడు వియత్నాం యుద్ధం నించి ఒంటరిగా రాలేదు. జెండా కప్పిన పెట్టె పక్కన కూర్చుని వచ్చాడు. లోపల ఈ ఊరివాడే, చిన్నప్పణ్ణించీ స్నేహితుడు. ఆ పెట్టె ఆ తల్లికి అప్పజెప్పింది గస్సే. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ సంగతి నాతో ఒక్కసారే మాట్లాడాడు. కోర్డెల్‌తో అసలు మాట్లాడి ఉండడు. చెప్పుకుంటే ఇద్దరూ చెప్పుకోవాల్సిన మాటలే. ఇద్దరూ మూతులు బిగించుకున్నారు.

నేను పేపర్లో చూసి నీకు రాస్తూ వచ్చాను. వాడి చీలమండ మెలిపడిన వారం పేపరు వానకి తడిసిపోయింది, ఊహించి రాసేశాను. ఊహల్లోనైనా ఆయన తొడ చరుచుకుంటే నాకు బాగుండేది. క్షమించమని అడగడానికి మొహం లేదు.

నీ ఉత్తరం గస్‌కి చదివాను, మొత్తం. తలుపు మీద చెయ్యి పెట్టి నిలబడే విన్నాడు. అయ్యాక, "ఏ బుగ్గ?" అని అడిగాడు.

"రాయలేదు" అన్నాను.

గరాజులోకి వెళ్లిపోయాడు. కాసేపటికి వెళ్లి చూస్తే ట్రక్కులో, కోర్డెల్ కూర్చునే వైపు కూర్చుని ఉన్నాడు. ఇంజను వెయ్యలేదు. నేను పిలవకుండా వచ్చేశాను.

బెర్నీ


లిండెన్ షోర్స్
21 నవంబర్

బెర్నీ,

ఈ రోజు పొద్దున కోర్డెల్‌ని జట్టులోంచి తీసేశారు.

కాలు కొంచెం నయమై మొన్న ఆదివారం ఆడాడు కూడా, బాగానే ఆడాడు. బయటికి చెప్పేది కాలి గాయమని. లోపల జరిగింది వేరు. ఆఫీసులో పెద్దాయన కాఫీ ఇచ్చి మర్యాదగా కూర్చోబెట్టాడట. "నువ్వంటే మాకిష్టమే కోర్డెల్. కానీ ఇది చూడు" అని ఒక కాగితం ముందుకి తోశాడు. టీవీలో ఆట ఎంతమంది చూస్తున్నారో చూపించే గీత. వారం వారం కిందికి దిగుతోంది.

"సెప్టెంబర్‌లో తుఫానప్పుడు సగం రాష్ట్రానికి కరెంటే లేదు కదా సార్. జనం టీవీలు మానేసి ఫోన్లలో చూస్తున్నారు. నిరుడు కూడా తగ్గింది, అప్పుడు నేను నిలబడే ఉన్నాను" అన్నాడట వీడు.

"అవన్నీ నిజమే అయ్యుండొచ్చు. కానీ జనం చెప్పే కారణం నువ్వు" అన్నాడట ఆయన.

మా వాడు కాఫీ తాగేసి, కప్పు ట్రేలో పెట్టి వచ్చాడు. వాణ్ణి నేను అలా పెంచాను మరి.

బూట్లు, పుస్తకాలు, నైలా గీసిన బొమ్మ ఒక అట్టపెట్టెలో తెచ్చుకున్నాడు. ఇరవై ఎనిమిదేళ్లు. ఇంకో జట్టు పిలుస్తుందని నాతో అంటున్నాడు, నేను నిజమే అంటున్నాను.

గస్‌కి చెప్తావో మానేస్తావో నీ ఇష్టం. నాకు ఓపిక లేదు.

డెస్సా


కార్వర్ మిల్స్
27 నవంబర్

డెస్సా,

నీ ఉత్తరం శనివారం వచ్చింది. గస్‌కి ఎలా చెప్పాలో తెలీక జేబులో పెట్టుకుని తిరిగాను. సెప్టెంబర్ నించీ ఆయన పేపర్లో ఆటల పేజీ కూడా తిప్పడు, కాబట్టి తెలిసే దారి లేదు.

నిన్న చర్చి నించి వచ్చాక కోటు విప్పకుండానే వెళ్లి టీవీ పెట్టాడు డెస్సా. రెండు నెలల తర్వాత. చొక్కా కొసతో తెర మీది దుమ్ము తుడిచాడు. కళ్లజోడు పెట్టుకుని, కుర్చీ ముందుకి లాక్కుని, "పేలాలున్నాయా?" అన్నాడు. వంటింట్లోకి వెళ్లి నిలబడ్డాను. చెప్పాలి, చెప్పలేను. పేలాలు వేయించాను, నల్లగా మాడాయి.

ఆట మొదలైంది. వాడి చోట ఇంకెవరో కుర్రాడు. గస్ ముందుకి వంగాడు. "వీడెవడు? మనవాడేడి?" తనే మళ్లీ, "కాలు ఇంకా తగ్గలేదేమో" అన్నాడు. నేను "అయ్యుంటుంది" అన్నాను. చూడు, అప్పుడు కూడా అబద్ధమే. కెమెరా బల్లల వైపు తిరిగినప్పుడల్లా ఆయన ఆ మొహాలన్నీ వెతికాడు. కూర్చున్నవాళ్లని, నీళ్లు తాగేవాళ్లని, టవల్ కప్పుకున్నవాళ్లని.

సగం ఆటలో చెప్పేశాను. "గస్, వాణ్ణి మంగళవారం తీసేశారు."

"మంగళవారం" అన్నాడు. "అంటే పోయిన ఆదివారం ఉన్నాడా?"

"ఉన్నాడు. ఆడాడు."

నీ ఉత్తరం తీసి చదివాను. గీత ఉన్న కాగితం దగ్గర చెయ్యెత్తి ఆపాడు. "అందులో మనిల్లు కూడా ఉందా బెర్నీ?"

"మనది ఒక్క ఇల్లే గస్" అన్నాను.

"అందరిదీ ఒక్కొక్క ఇల్లే కదా" అన్నాడు.

టీవీ మాత్రం ఆపలేదు. ఆట ఆసాంతం చూశాడు. మనవాళ్లెవరూ లేని ఆటని, కోటు వేసుకునే, చివరి ఈల దాకా కూర్చుని చూశాడు. తర్వాత ఫోన్ దగ్గరికి వెళ్లాడు. నీ నంబరు సగం నొక్కి పెట్టేశాడు. "ఏమనాలి?" అని నన్నడిగాడు.

బెర్నీ


లిండెన్ షోర్స్
5 డిసెంబర్

బెర్నీ,

వాడికి చదివాను. "ఆట మొత్తం చూశారా?" అన్నాడు. చూశాడట అన్నాను. "ఆ కొత్తవాడు ఎడమవైపు పరుగెడుతూ బంతి కుడిచంకలోనే పెట్టుకుంటాడు. మిస్టర్ గస్ కుర్చీలో ఉడికిపోయి ఉంటారు" అన్నాడు. పెదవుల మీద చిన్న నవ్వొచ్చింది, వెంటనే పోయింది.

ఏ జట్టూ పిలవలేదు ఇంకా. ఫోన్ మోగితే ఇల్లంతా ఆగిపోతుంది. ఎత్తితే, ఏదో అమ్మజూపేవాళ్లు.

నేను గస్‌ని క్షమించానా అని అడక్కు. వాడు క్షమించినట్టున్నాడు. నాకు ఇంకొంచెం టైమివ్వు. వాణ్ణి కన్నది నేను.

డెస్సా


కార్వర్ మిల్స్
16 జనవరి 2018

డెస్సా,

గస్‌కి పక్షవాతం వచ్చింది. మంచు ఎత్తుతుంటే పార చేతిలోంచి జారిపోయింది, దాని పక్కనే ఆయనా. కుడివైపు పడిపోయింది. మాట పోయింది. ఆస్పత్రి నించి నిన్న ఇంటికి తెచ్చాం. చక్రాల కుర్చీ ఇచ్చారు. స్పూనుతో పెడితే తింటున్నాడు.

కళ్లు మాత్రం నేను ఎటు వెళ్తే అటు వస్తున్నాయి. ఏదో అడుగుతున్నాడు, నాకు అర్థం కావట్లేదు. ఫోన్ వైపు చూస్తాడు, నా వైపు చూస్తాడు.

నేను ఏమీ అడగట్లేదు. తెలియాలని రాశాను.

బెర్నీ


కార్వర్ మిల్స్
6 ఫిబ్రవరి

డెస్సా,

నీ కొడుకు చెప్పకుండా వచ్చాడు. నువ్వు పంపలేదని, తనే టికెట్ కొనుక్కుని వచ్చానని చెప్పమన్నాడు. తలుపు తీస్తే వరండాలో నిలబడి ఉన్నాడు, ఫ్లోరిడా కోటులో గజగజా వణుకుతూ.

లోపలికొచ్చి గస్‌ని చూసి ఒక్క క్షణం ఆగాడు. తర్వాత, "ఏంటి మిస్టర్ గస్, నన్ను మంచు ఎత్తమనకుండా మీరే ఎత్తేస్తారా?" అన్నాడు. గస్ మొహంలో కదిలే సగం వణికిపోయింది. కన్నీళ్లు మాత్రం రెండు కళ్లనించీ కారాయి. కోర్డెల్ పక్కన కూర్చుని సూపు తాగించాడు. గడ్డం మీద కారినప్పుడల్లా తన చొక్కా చేత్తోనే తుడిచాడు. నువ్వు చూడాల్సింది.

ఆదివారం సీజను ఆఖరి పెద్ద ఆట. పెట్టనా వద్దా అని నేను తటపటాయిస్తుంటే వాడే పెట్టాడు. ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. ఆటకి ముందు గీతం మొదలైంది.

గస్ ఎడమ చేత్తో కుర్చీ పట్టుకుని పైకి నెట్టుకుంటున్నాడు. లేవలేడు. మళ్లీ నెట్టుకుంటున్నాడు. "వద్దు గస్, పడతావు" అని పరుగెత్తాను. నాకన్నా ముందు కోర్డెల్‌కి అర్థమైంది.

"లేవాలా మిస్టర్ గస్?" అన్నాడు. "సరే, పదండి."

చంకల కింద చేతులు వేసి లేపాడు. గస్ కాళ్లలో బలం లేదు, బరువంతా వాడి మీదే. వాడి చీలమండ ఇంకా పూర్తిగా మానలేదు, తెలుస్తూనే ఉంది. పాట అయ్యేదాకా అలాగే నిలబెట్టి పట్టుకున్నాడు. వాడు తెర వైపు చూశాడో లేదో నాకు తెలీదు. గడ్డం గస్ నెత్తి మీద ఆనించి కళ్లు మూసుకున్నాడు.

పాట అయ్యాక మెల్లగా కూర్చోబెట్టాడు. గస్ పాదాలు ఎటో తిరిగిపోయాయి. వాటిని సర్దడానికి ఒక మోకాలు నేల మీద ఆనించి కిందికి వంగాడు. గస్ ఎడమ చెయ్యి ఎత్తి వాడి తల మీద పెట్టాడు. తర్వాత బుగ్గ మీదికి తెచ్చాడు. ఒక బుగ్గ తడిమి, రెండోది తడిమాడు. వాడు ఆ చెయ్యి పట్టుకుని కుడివైపు బుగ్గ మీద ఆనించి ఉంచుకున్నాడు.

ఆట మొదలైంది. ఎవరు గెలిచారని నన్నడగొద్దు. చూసినవాళ్లు లేరు.

బెర్నీ


లిండెన్ షోర్స్
11 సెప్టెంబర్ 2018

బెర్నీ,

ఏప్రిల్‌లో గస్‌ని సాగనంపి వచ్చాక నీకు సరిగ్గా రాయలేదు. సమాధి దగ్గర ఆ సైనికులు జెండా మడిచి నీ ఒళ్లో పెట్టినప్పుడు నువ్వు ఇటు పక్క నా చెయ్యి, అటు పక్క కోర్డెల్ చెయ్యి పట్టుకున్నావు. దాన్ని తలుచుకుంటూ ఉంటాను. గస్ మీద నాకింక కోపం లేదు. ఎప్పుడు పోయిందో తెలీదు. ఆయనకి చెప్పే వీలు లేనప్పుడు పోయింది.

కోర్డెల్‌ని ఏ జట్టూ తీసుకోలేదు. వేసవిలో ఒక జట్టు రమ్మంది, వెళ్లాడు. "ఈసారి నిలబడతావుగా?" అని అడిగారట. వీడు జవాబు చెప్పేలోపే మొహం చూసి పంపేశారు. ఇప్పుడు ఇక్కడి హైస్కూల్లో పిల్లలకి ఆట నేర్పుతున్నాడు. సాయంత్రాలు ఇళ్లు దూరంగా ఉన్న పిల్లల్ని కారులో దింపి వస్తాడు. అన్నం చల్లారిపోతుందని నేను అరుస్తాను.

మొన్న ఆదివారం కొత్త సీజను మొదలైంది. ఆట వేళకి నైలా వచ్చి, "నానమ్మా, టీవీ పెట్టనా?" అంది. కోర్డెల్ పెరట్లో ఉన్నాడు, గడ్డి కోసే చప్పుడు వినిపిస్తోంది.

వద్దమ్మా అన్నాను. ఎవరి మీదా కోపంతో కాదు బెర్నీ. చూడ్డానికి మనవాళ్లెవరూ లేరు.

నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి?

డెస్సా